కల్పితలోకపు కాపలా

మీ బొటనవ్రేలిని ముఖమునకు ఎదురుగా ఒక మూరెడు దూరమున నిలిపి, ఒకమాఱు ఎడమకన్నును, వేఱొకమాఱు కుడికన్నును మూసి చూడుడు. వ్రేలు కదలకున్నను, వెనుకనున్న గోడమీద అది అటునిటు జరుగుచున్నట్లు కనిపించును. మన రెండు కన్నులును ఒకే వస్తువును రెండు చోటులనుండి చూచుచుండుటయే ఇందులకు కారణము. ఆ రెండు చిత్రములకును గల స్వల్పభేదమును మెదడు గ్రహించి, ఏది దగ్గఱనున్నదో ఏది దూరముననున్నదో నిర్ణయించుచున్నది. మేలుకొనియున్నంతసేపును ఈ పని మనకు తెలియకయే జరిగిపోవుచుండును.

ఈ విషయమును ప్రయోగముతో నిరూపించిన మహనీయుడు చార్లెస్ వీట్‌స్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. 1838లో ఆయన లండను నగరమునందలి రాయల్ సొసైటీ ఎదుట తన పరిశోధనను వివరించెను. ఒకే వస్తువును కుడికన్ను చూచినట్లు ఒక బొమ్మను, ఎడమకన్ను చూచినట్లు మఱియొక బొమ్మను గీసి, రెండు అద్దముల సాయమున ఏ కంటి బొమ్మను ఆ కంటికే చూపెను. కాగితముమీది గీతలు చూపరికి ఎత్తును లోతును గల నిజమైన వస్తువువలె గోచరించెను. ఆ సాధనమునకు స్టీరియోస్కోపు అని పేరు.

నూట ముప్పది సంవత్సరములు గడచినవి. అమెరికా దేశీయుడగు ఐవన్ సదర్లాండు అను శాస్త్రజ్ఞుడు, ఆ రెండు బొమ్మలను కంప్యూటరుచేత గీయించి, తలకు ధరింపదగిన ఒక సాధనమును 1968లో లోకమునకు వెల్లడించెను. ధరించినవాడు తల త్రిప్పినచో, అందులకు తగినట్లు బొమ్మయు మాఱుచుండెను. తల ఎటు తిరిగినదో కొలుచుటకై పైకప్పునుండి ఒక లోహదండము వ్రేలాడుచుండెను. గ్రీకు కథలో విందునకు కూర్చున్న డెమోక్లీసు తలపై ఒక్క వెండ్రుకతో కట్టిన ఖడ్గము వ్రేలాడినదట! దానిని తలచికొని ఈ యంత్రమును 'డెమోక్లీసు ఖడ్గము' అని పరిహాసముగా పిలిచిరి. అందులో కనిపించినది గీతలతో కూర్చిన కొలదిపాటి ఆకారములు మాత్రమే. అయినను గదిగోడలు కనబడుచుండగనే, వాటినడుమ ఆ ఆకారములు గాలిలో నిలిచియున్నట్లు తోచెను.

ఈ విద్యకు నేడు రెండు శాఖలు కలవు. ఉన్నలోకమును కనబడనిచ్చుచునే దానిపై కల్పితవస్తువులను చేర్చి చూపుట ఆగ్మెంటెడ్ రియాలిటీ. ఉన్నలోకమును మఱుగుపఱచి, దాని స్థానమున వేఱొక లోకమును చూపుట వర్చువల్ రియాలిటీ. తలకు ధరించు సాధనమును ఇప్పుడు అందఱును హెడ్‌సెట్ అనియే పిలుచుచున్నారు.

2018 వేసవిలో, పట్టపరీక్షలు ముగిసిన వెంటనే, హైదరాబాదు నగరమున ఈ విద్యను పరిశోధించు ఒక ప్రయోగశాలయందు నేను స్వచ్ఛందసేవకుడనుగా చేరితిని. వేతనము లేదు. మధ్యాహ్నభోజనమును, బస్సు ఖర్చులును మాత్రము ఇచ్చుచుండిరి. కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయుట నాకు అంతగా చేతకాదు. అచ్చటి ఆచార్యులు నన్ను చూచి, "నీవేమి చేయగలవు?" అని అడిగిరి. "చెప్పిన పని చేయుదునండి, చెప్పనిది చూచి నేర్చుకొందును" అంటిని. వారు నవ్వి, "అట్లయినచో నీకు ముఖ్యమైన పనియే ఇచ్చెదను. ఇచ్చటికి వచ్చినవారు పడిపోకుండ చూడుము" అనిరి.

వారు పరిహాసమాడుచున్నారని మొదట అనుకొంటిని. రెండు దినములలో ఆ మాటలోని అర్థము తెలిసినది. హెడ్‌సెట్ ధరించినవానికి తానున్న గది కనబడదు. అతడు ఏ ఉద్యానవనములోనో విహరించుచున్నానని తలచి నడచుచుండగా, మూడడుగుల దూరమున నిజమైన గోడ యుండును. తలనుండి కంప్యూటరువఱకు పోవు తీగ కాళ్ళకు చుట్టుకొనవచ్చును. కావున పెండ్లి ఊరేగింపులో గొడుగు పట్టువానివలె నేను ఆ తీగను చేతబట్టుకొని, ప్రతివాని వెనుకను అడుగులో అడుగు వేయుచు నడువవలసి యుండెను. గోడ సమీపించినపుడు మెల్లగా భుజమును తాకి ఆపవలెను. అకస్మాత్తుగా తాకినచో అదరిపడుదురు. కావున ముందుగా మాటతో పలుకరింపవలెను.

ప్రయోగమునకు ముందు మఱియొక పని కలదు. ప్రతివాని కంటిపాపల నడిమి దూరమును కొలబద్దతో కొలిచి వ్రాసికొనవలెను. పెద్దవారిలో ఇది సగటున 63 మిల్లీమీటర్లు. కాని సగటు అనునది లెక్కలో నున్నంత తఱచుగా మనుష్యులలో ఉండదు. ఒకరికి 57, మఱియొకరికి 68. హెడ్‌సెట్ లోపలి కటకములను ఆ కొలతకు జరుపనిచో బొమ్మ మసకబారును, తలనొప్పి కలుగును. యంత్రమును మనుష్యునికి తగినట్లు సవరింపవలెను గాని, మనుష్యుని యంత్రమునకు తగినట్లు సవరింపలేము. ఈ సత్యమును నేను దినమునకు పదిమాఱులు కొలబద్దతో నేర్చుకొంటిని.

కొందఱికి ధరించిన అయిదు నిమిషములకే కడుపులో త్రిప్పినట్లుండెను. కారణమేమని అడుగగా ఆచార్యులు నాకు విశదపఱచిరి. మన చెవిలోపల వినికిడితో సంబంధములేని మూడు అర్ధవృత్తాకారనాళములు కలవు. వాటిలోని ద్రవము కదలుటచేత తల ఎటు తిరిగినదో మెదడునకు తెలియుచుండును. కన్ను 'నీవు కదలుచున్నావు' అనియు, చెవి 'కదలుట లేదు' అనియు చెప్పినపుడు మెదడు తికమకపడును. కొండదారిలో బస్సులో పుస్తకము చదువువానికి వాంతి వచ్చుటయు ఇట్టిదియే. కావున తల తిరిగిన వెంటనే బొమ్మయు తిరుగవలెను. సెకనులో ఏబదవవంతుకంటె ఆలస్యము కాకుండ చూచుట మేలని పరిశోధకులు భావింతురు. మా హెడ్‌సెట్ సెకనునకు 90 చిత్రములను చూపుచుండెను. ఇంత శ్రమపడి ఇంజనీర్లు వెదకుచున్నది వేగముకాదు, కంటికిని చెవికిని సఖ్యత అని నాకు అప్పుడు అర్థమయ్యెను.

నేను పాల్గొన్న మొదటి ప్రయోగము దూరమును గుఱించినది. ఆరుబయట ఒకనికి కొంతదూరమున ఒక గుఱుతు చూపి, పిమ్మట కన్నులకు గంతలు కట్టి, 'అచ్చటివఱకు నడువుము' అనినచో, అతడు ఇంచుమించు సరిగానే పోయి నిలుచును. అదే గుఱుతును కల్పితలోకములో చూపినచో, చాలమంది గుఱుతునకు ఇవతలనే ఆగిపోవుదురు. కల్పితలోకమున దూరములు ఉన్నదానికంటె తక్కువగా తోచునని పలుదేశముల పరిశోధకులు కనుగొనియున్నారు. టేపు పట్టుకొని ప్రతి నడకను కొలుచుట నా పని. ఒకనాడు ఒక యువతి అందఱివలె ముందే ఆగక, గుఱుతును దాటి రెండడుగులు పోయెను. ఆ అంకెను ఏమి చేయుదురో అని చూచుచుంటిని. దానిని కొట్టివేయలేదు, తక్కిన అంకెల ప్రక్కనే వ్రాసి, 'ఈమె మనకు నచ్చినట్లు నడువవలసిన పనిలేదు' అని ఆచార్యులు అనిరి.

రెండవ ప్రయోగము భయమును గుఱించినది. ఇట్టిదానిని అమెరికాలో నార్త్ కెరొలినా విశ్వవిద్యాలయమునందు ఫ్రెడరిక్ బ్రూక్స్ అను ప్రసిద్ధాచార్యుని బృందము జరిపి, 2002లో ఫలితములను ప్రకటించియుండెను. కల్పితలోకమున ఒక గది. దాని నడుమ నేల లేదు. క్రిందికి చూచినచో 20 అడుగుల లోతున మఱియొక గది కనబడును. అంచున నిలిచినవాని గుండె ఎంత వేగముగా కొట్టుకొనునో యంత్రముతో కొలుతురు. నిజమైన గదిలో పల్లమేమియు లేదు. కాని కాలిక్రింద అంగుళమున్నర ఎత్తుగల నిజమైన చెక్క నుంచినపుడు, గుండె ఇంకను వేగముగా కొట్టుకొన్నదని వారు కనుగొనిరి. పాదమునకు చెక్క అంచు తగిలిన వెంటనే, కన్ను చూచిన అబద్ధమును దేహమంతయు నమ్మినదన్నమాట! మా ప్రయోగశాలలోను అట్టి గదినే నిర్మించి, పల్లముమీదుగా ఒక సన్నని పలకపై నడువుమని కోరుచుండిరి.

ప్రయోగమునకు వచ్చువారికి ముందుగా ఒక పత్రమును చదివి వినిపింపవలెను. ఏమి జరుగునో, ఏ వివరములు వ్రాసికొందుమో, ఎప్పుడు కావలసినను కారణము చెప్పకయే మానివేయవచ్చునని అందులో నుండెను. 'చాలు' అను ఒక్కమాట అనినచో ప్రయోగము నిలిచిపోవును. ఆపదయని తోచినపుడు ప్రక్కన కావలియున్నవాడును ఆపవచ్చును. ఇది మర్యాదకొఱకు చదువు పత్రమని మొదట నేను తలచితిని. ఒకనాటి సంఘటన ఆ తలంపును మార్చినది.

ఆ ఆవరణలో తోటపని చేయు ఒక వృద్ధుడు ప్రయోగమునకు వచ్చెను. అఱువదియేండ్లు దాటినవాడు; నల్లగొండ ప్రాంతమువాడు. నలువదియేండ్లు తాటిచెట్లెక్కి కల్లుగీసిన మనుష్యుడు. పత్రము చదివి వినిపించుచుండగనే చేయి అడ్డముపెట్టి, "నలభై ఏండ్లు తాళ్ళెక్కిన బిడ్డా. ఈ చెక్క నాకొక లెక్కా?" అనెను. వెలుపలి బల్లపై కూర్చున్న తోటివారు పెద్దగా నవ్విరి. అయినను నేను పత్రమును చివఱవఱకు చదివి, ఆయన వ్రేలిముద్ర తీసికొని, హెడ్‌సెట్ తొడిగి, తీగను చేతబట్టితిని.

ఆయన ధైర్యముగా పలకపై కాలుపెట్టి రెండడుగులు వేసెను. మూడవ అడుగు పడలేదు. మోకాళ్ళు కొంచెము వంగినవి. కుడిచేయి మెల్లగా నడుమువద్దకు పోయి, అచ్చట దేనినో వెదకసాగెను. ముందుకు, వెనుకకు, మరల ముందుకు తడవుచుండెను. బల్లవద్ద కూర్చున్న పరిశోధకవిద్యార్థి తెఱమీద గుండెవేగమును చూచుచు, ఇంక నాలుగడుగులు మాత్రమే అని సైగచేసెను. "తాతా, ఆపుదమా?" అని అడిగితిని. "వద్దు" అనెను. కాని ఆ గొంతు నేను ముందు విన్నది కాదు. తలుపునకు ఆవల తోటివారు ఉన్నారు. తాళ్ళెక్కిన మనుష్యుడు చెక్కమీద 'చాలు' అని ఎట్లనగలడు?

ఆయన నోరు వద్దనుచున్నది. చేయి మాత్రము నడుమును వెదకుచునేయున్నది. ఏది వినవలెను? ఒక్కక్షణము తడబడితిని. తరువాత "ఆపుడు" అని బిగ్గఱగా అని, ఆయన భుజమును పట్టుకొని, హెడ్‌సెట్‌ను తీసివేసితిని. ఆయన నుదుట చెమటలు పట్టియుండెను. కన్నులు తెఱచి, నేలను చూచి, కాలితో రెండుమాఱులు తట్టెను.

పరిశోధకవిద్యార్థికి కష్టము కలిగెను. "ఆయనయే వద్దన్నారు గదా! ఇంకొక్క నిమిషమైనచో లెక్క పూర్తియగును" అనెను. అతని మాటయు అన్యాయము కాదు. ఆ ప్రయోగమునకై అతడు నెలల తరబడి శ్రమించియుండెను. ఇంతలో ఆచార్యులు వచ్చి, మా ఇద్దఱిలో ఎవరిని ఏమియు అనక, ఆ వృద్ధునికి మంచినీళ్ళిచ్చి, తామును ఆయన ప్రక్కన నేలమీద కూర్చుండి, "మీకు ఏమనిపించినదండీ?" అని అడిగిరి.

ఆయన కొంతసేపు ఊరకుండి, "ఇది నేలే అని నాకు తెలుసు సారూ. నా కాళ్ళకే తెలుస్తలేదు" అనెను. మరల కొంత ఆగి, "చెట్టు మీద మోకు ఉంటది. నడుముకు మోకుంటే ఎంత ఎత్తయినా భయం లేదు. ఈడ నడుముకేం లేదు" అనెను.

మోకు అనగా తాటిచెట్టు ఎక్కువారు చెట్టుచుట్టును తమ నడుముచుట్టును వేసికొను బలమైన త్రాడు. ఆయన చేయి వెదకినది దానికొఱకే. ఎత్తునకు అలవాటుపడినవానికి భయముండదని మేమందఱమును తలచితిమి. ఆయన అలవాటుపడినది ఎత్తునకు కాదు. ఎత్తులో తన్ను పట్టియుంచు త్రాడునకు. ఆచార్యులు లేచి, దినచర్యపుస్తకమును తెప్పించి, ఆయన పలికిన మాటలను అక్షరము మార్పక అందులో వ్రాసిరి. పిమ్మట పరిశోధకవిద్యార్థివైపు తిరిగి, "నీ లెక్క ఒకటి తగ్గినది; ప్రశ్న ఒకటి పెరిగినది" అని మాత్రము అనిరి.

మఱునాటి ఉదయము ఆ వృద్ధుడు తన పాతమోకును భుజమున వేసికొని తానే వచ్చెను! "ఇప్పుడు పెట్టు బిడ్డా, చూస్త" అనెను. ఆచార్యుల అనుమతితో ఆ త్రాడును నడుమునకు తగిలించి, రెండవకొనను ఇద్దఱము గట్టిగా పట్టుకొంటిమి. ఈసారి ఆయన పలకపై సగముదూరము పోయి, వంగి క్రిందికి చూచి, నవ్వి, తాపీగా అవతలి అంచునకు నడిచెను. వెలుపలి తోటివారిని తానే లోపలికి పిలిచి, ఎంత లోతున్నదో చేతులతో చూపెను.

ఆ రెండవ నడక లెక్కలోనికి రాలేదు. తక్కినవారెవ్వరికిని నడుమున త్రాడు లేదు. పైగా ఆయన ఆ పల్లమును ముందుదినమే చూచియుండెను. కావున భయము త్రాడువలన తగ్గినదా, పరిచయమువలన తగ్గినదా అనుట సాధ్యము కాదు. సంతోషమును కలిగించిన సంగతి యైనంతమాత్రమున నిరూపణము కాజాలదని పరిశోధకవిద్యార్థియే నాకు బోధించెను. నిరూపింపవలెనన్నచో అనేకులను పిలిచి, కొందఱికి త్రాడు కట్టి, కొందఱికి కట్టక, ఓపికతో కొలువవలెను. నా సెలవులు ముగియునప్పటికి అతడు ఆ క్రొత్త ప్రయోగమునకు ప్రణాళిక వ్రాయుచుండెను. దాని మొదటిపుటలో ఆ వృద్ధుని మాటలు ఉండెను.

ఈ విద్య వినోదమునకు మాత్రమే ఉపయోగపడునని కొందఱు తలంతురు. ఆగ్మెంటెడ్ రియాలిటీ అను పేరు 1990వ దశకపు ఆరంభమున బోయింగు విమానసంస్థలో పనిచేయుచున్న టామ్ కాడెల్, డేవిడ్ మిజెల్ అను వారి కృషివలన ప్రచారములోనికి వచ్చినది. విమానములలో తీగలను కూర్చు పనివారికి, ఏ తీగ ఎచ్చట పోవలెనో కంటియెదుటనే చూపుట వారి ఉద్దేశము. సియాటిల్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అను శాస్త్రజ్ఞులు కాలిన గాయములతో బాధపడువారికొఱకు ఒక మంచులోకమును కల్పించిరి. గాయములకు కట్లు మార్చునపుడు కలుగు బాధ భరింపరానిది. ఆ సమయమున రోగి హెడ్‌సెట్ ధరించి, మంచులోయలో తేలిపోవుచు మంచుముద్దలు విసరుచుండును. మనస్సు అచ్చట లగ్నమగుటచేత నొప్పి తక్కువగా తోచినదని రోగులు చెప్పిరి. మా గదిలో ఒక వృద్ధుని వణికించిన మాయయే, అచ్చట నొప్పిని మఱపించుచున్నది. శక్తి ఒక్కటియే. దానిని ఎవరికొఱకు, ఎవరి సమ్మతితో, ఎంతవఱకు ప్రయోగింతుమనుటలోనే భేదమున్నది.

ఆ రెండునెలలలో నేను ఒక్క ప్రోగ్రామునైనను వ్రాయలేదు. కటకములు తుడిచితిని, తీగలు మోసితిని, పత్రములు చదివితిని, దూరములు కొలిచితిని. ఐనను గ్రంథములలో దొరకని విద్య కొంత నాకు లభించినది. మనుష్యునిమీద ప్రయోగము చేయువాడు అతని గుండెవేగమును మాత్రమేకాక, అతని చేతులను గూడ చూచుచుండవలెను. అతడు చెప్పలేని మాటను కనిపెట్టవలెను. అతడు చెప్పిన మాటను, చదువులేనివాడని త్రోసివేయక, వ్రాసికొనవలెను.

విద్యార్థులారా! ఇట్టి సాధనములు నేడు ప్రదర్శనశాలలకును, కొన్ని విద్యాలయములకును వచ్చినవి. మీలో కొందఱు త్వరలోనే వాటిని ధరింతురు. మఱికొందఱు పెద్దవారై వాటిని నిర్మింతురు. ధరింప వేడుకపడువారు ఎందఱో ఉందురు. కాని ఒకడు ధరించినపుడు మఱియొకడు ప్రక్కన నిలిచి కాచుకొనియుండవలెను గదా! ఆ పనికి పిలుపు వచ్చినచో చిన్నదని వెనుదీయకుడు. గదిలో జరుగుచున్నదంతయు తెలియునది ఆ చోట నిలిచినవానికే.